దీర్ఘం లేని గది

హైస్కూల్లో అడుగుపెట్టిన రోజున నాకు తెలిసిన మొదటి సంగతి, నా తరగతికి గది లేదని.

గేటు పక్కన గోడకి అంటించిన జాబితాలో నా పేరు ఎనిమిదో తరగతి 'ఆ' సెక్షన్లో ఉంది. వేలు పెట్టి మరీ రెండుసార్లు చూసుకున్నాను. మేడమీద వరండాలో ఎనిమిదో తరగతికి వరసగా మూడు గదులున్నాయి. మొదటి తలుపు పైన 'ఎనిమిది అ' అని రేకు బోర్డు ఉంది. రెండో తలుపు పైన కూడా 'ఎనిమిది అ' అనే ఉంది. మూడోది 'ఎనిమిది ఇ'. మధ్యలో ఉండాల్సిన 'ఆ' ఎటు పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. నలభైమందిమి కొత్త సంచులు వీపున తగిలించుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాం. ఒక పొడుగు కుర్రాడు విసుగెత్తి తొమ్మిదో తరగతిలోకి వెళ్ళి దర్జాగా కూర్చున్నాడు. ఒకమ్మాయి ఏడుపు లంకించుకుంది. ఆ అమ్మాయిని నేను ఓదార్చలేదు, ఎందుకంటే నాకూ ఏడుపొస్తోంది.

ఈ గోలకి లెక్కల టీచర్ బయటికొచ్చారు.

"ఏంటీ సంత? ఏ సెక్షన్ మీరంతా?"

ముందున్నది నేనే. "ఆ," అన్నాను.

"ఆ ఏంటి? వినపడలేదా? ఏ సెక్షన్ అంటున్నాను."

"ఆ అండీ."

"ఆ ఊ కాదమ్మా. నోరు తెరిచి సెక్షన్ పేరు చెప్పు."

"ఆ... టీచర్," అన్నాను.

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు టీచర్ తలెత్తి బోర్డుల వైపు చూశారు. ఒకటో దాన్ని, రెండో దాన్ని, మళ్ళీ ఒకటో దాన్ని. రెండో బోర్డు మీద అక్షరం కాస్త ఎడమకి జరిగి ఉంది. కుడివైపు తోక కోసం వదిలిన చోటు ఖాళీగా, తెల్లగా ఉంది.

"ఎవరయ్యా ఈ బోర్డు రాసిన మహానుభావుడు? దీర్ఘం మింగేశాడు!" అని, స్టూలు తెప్పించి, ఆ ఖాళీలో సుద్దముక్కతో తోక గీశారు.

నలభైమందీ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. పళ్ళన్నీ కనపడేలా నవ్వాను. ఆ మహానుభావుడు మా నాన్న.

మా నాన్న బోర్డులు రాస్తాడు. దుకాణాల పేర్లు, డాక్టర్ల పేర్లు, 'ఇక్కడ బళ్ళు నిలపరాదు' దగ్గర్నుంచి అన్నీ. చదువు అయిదో తరగతితో ఆగింది గానీ అక్షరం మాత్రం అచ్చుగుద్దినట్టు పడుతుంది. ఆయన పనికొక పద్ధతుంది. ముందు వెడల్పు కుంచెతో అన్ని బోర్డుల మీదా అక్షరాల ఒళ్ళు రాసేస్తాడు. అవి ఆరాక, సన్నకుంచె తీసి, తోకలు, ఒత్తులు, పొల్లులు అన్నీ ఒక్క ఊపులో పెట్టుకుంటూ వెళ్తాడు. "ఒళ్ళు ఎవరైనా రాస్తారు. తోకలోనే ఉంది అందమంతా," అంటాడు. మా అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి ఇంటికొచ్చి, "ఆ తోకలేవో ముందే పెడితే నీ సొమ్మేం పోతుంది?" అని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది.

బడి తెరవడానికి ముందురోజు సాయంత్రం పెరట్లో హైస్కూలు బోర్డులన్నీ ఆరుతున్నాయి. నాన్న సన్నకుంచె పట్టుకుని ఒక్కోదానికీ తోకలు పెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే నాకు నా కొత్త నోటుపుస్తకాల మీద పేరు రాయించుకోవాలనిపించింది.

"నాన్నా..." అని మొదలుపెట్టాను.

"వస్తున్నానే గడుగ్గాయీ, రెండు నిమిషాలు."

"నాన్నా...ఆ...ఆ..."

"ఏంటే ఆ దీర్ఘాలు తియ్యడం?" అంది అమ్మ లోపలినుంచి.

నేను దీర్ఘం తీస్తే మా ఇంట్లో ఎవరూ నిలవలేరు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. నాన్న లేచి వచ్చి అదే కుంచెతో తొమ్మిది పుస్తకాల మీద నా పేరు రాశాడు. ప్రతి అక్షరం కింద ఒక చిన్న నీడ కూడా పెట్టాడు. ఆ పని అయ్యేసరికి బడి అటెండరు బండి తీసుకుని గుమ్మంలో ఉన్నాడు. నాన్న బోర్డుల్ని వేలితో తాకి, ఆరాయని చూసుకుని, వరసగా పేర్చి ఇచ్చేశాడు. బోర్డు మీదికి రావలసిన ఒక తోక నా పేరులోకి వచ్చేసింది.

ఇదంతా నాకు ఆ ఖాళీ చోటు చూసిన క్షణంలోనే అర్థమైంది. అర్థమయ్యాకే నవ్వాను.

హైస్కూలు నాకు అనుకున్నంత త్వరగా అలవాటు కాలేదు. పాత బడిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే టీచరమ్మ, ఆవిడ మూడ్ చూసి మనం నడుచుకుంటే చాలు. ఇక్కడ గంటకొకరు మారతారు. ఒకరి జోకులకి నవ్వాలి, ఇంకొకరి జోకులకి నవ్వకూడదు. మెట్లు ఎక్కినా దిగినా ఎడమవైపే నడవాలి. పై తరగతివాళ్ళు మనల్ని చూసి 'కొత్త పిల్లలు' అంటే మనం వినపడనట్టుండాలి. మూడోరోజుకి మంచినీళ్ళ కుళాయిల్లో ఏది తిప్పితే మొహం మీదికి చిమ్ముతుందో నేర్చుకున్నాను. నాలుగోరోజుకి నేనే ఇంకొకరికి చెప్పేదాకా వచ్చాను.

నిజం చెప్పాలంటే నన్ను నిలబెట్టింది నా పక్కన కూర్చున్న అమ్మాయి. నవ్వితే చాలు ఎక్కిళ్ళు పట్టుకుంటాయి. అందుకని రెండోరోజుకే అందరూ ఆమెని 'ఎక్కిళ్ళు' అనడం మొదలుపెట్టారు, ఆమె పెద్ద పట్టించుకోలేదు. తన అన్నం డబ్బాలో సగం నాకు పెట్టి నాదాంట్లో సగం అడక్కుండా తీసుకునేది. అలాంటి స్నేహం నాకు అంతకుముందు లేదు.

"నీ పుస్తకాల మీద పేరు ఎంత బాగుందో! ఎవరు రాశారు?" అని అడిగింది.

"కొట్లో రాయించాం," అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. కాదు, తెలుసు. సుద్ద తోక రోజూ చెరిగిపోయేది. రోజూ కొత్తగా వచ్చే టీచరెవరో రెండు గదుల మధ్య తికమక పడేవారు. ఆ వెంటనే వెనక బెంచీ నుంచి "దీర్ఘం మింగినాయన వచ్చి కక్కాలి!" అని కేక, ఆ వెంటనే నవ్వులు. ఈ నవ్వుల మధ్యలో లేచి 'ఆయన మా నాన్న' అని చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. ఇప్పుడిప్పుడే నాకొక బెంచీ దొరికింది, ఒక డబ్బాలో సగం దొరికింది. అవి పోతాయని భయం వేసింది.

ఇంట్లో ఇంకో అవస్థ. రోజూ సాయంత్రం కాళ్ళు కడుక్కోగానే నాన్న అడిగేవాడు.

"నా బోర్డులు ఎలా ఉన్నాయే?"

"బాగున్నాయి."

"చూసినవాళ్ళు ఏమైనా అన్నారా?"

"అందరూ వాటి గురించే మాట్లాడుకుంటున్నారు," అన్నాను. అబద్ధం కాదుగా! నాన్న మొహం ఎంత వెలిగిపోయిందంటే, నన్ను నేనే గిల్లుకోవాలనిపించింది.

అయిదోరోజు సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాన్న అరుగు మీద కూర్చుని సన్నకుంచె కడుగుతున్నాడు. నా బోర్డులు ఎలా ఉన్నాయని అడగలేదు.

"హెడ్‌మాస్టరుగారు ఫోన్ చేశారే," అన్నాడు. "ఒక దీర్ఘం వదిలేశానట. ఎనిమిది 'ఆ'. మీ గదే."

నేను చెప్పుల పట్టీ విప్పుతూ వంగే ఉండిపోయాను.

"నువ్వు చూడలేదా?"

"చూశాను," అన్నాను నేలకి చెబుతున్నట్టు.

నాన్న కుంచె వెంట్రుకల్ని వేళ్ళతో చాలాసేపు సరిచేశాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "సరేలే," అన్నాడు చివరికి. "రేపు వచ్చి పెట్టేస్తాను. రెండో పీరియడ్లో, అయిదు నిమిషాల పని. నువ్వేం కంగారు పడకు."

కంగారు పడకు అని ఎందుకన్నాడో నాకు మర్నాడు గానీ అర్థం కాలేదు.

మర్నాడు రెండో పీరియడు లెక్కలు. తలుపు బయట నిచ్చెన చప్పుడైంది. రంగు మరకల చొక్కా, చెవి మీద పెన్సిలు, చేతిలో చిన్న డబ్బా. నేను తలుపు పక్క బెంచీలోనే ఉన్నాను. నాన్న లోపలికి తొంగిచూసి టీచర్‌కి నమస్కారం పెట్టాడు. ఆయన చూపు వరసగా అందరి మీదా తిరిగి, నా మీదికొచ్చి, ఆగకుండా పక్కకి వెళ్ళిపోయింది.

"ఇదిగో, దీర్ఘం మింగినాయన," అని వెనక బెంచీలో గుసగుస. గుసగుసే గానీ వరండా చివరికి వినపడింది.

నాన్నకీ వినపడింది. "అవును బాబూ, నేనే," అన్నాడు నవ్వుతూ. "వారం నుంచీ అరగడం లేదు. ఇవాళ కక్కేసి పోతాను."

తరగతంతా ఘొల్లుమంది. టీచర్ కూడా నవ్వారు. నా పక్కన ఎక్కిళ్ళు మొదలయ్యాయి. నాన్న నిచ్చెన తలుపు పక్క గోడకి ఆనించి, నా వైపు తిరిగాడు.

"పాపా, ఆ కిటికీ రెక్క కాస్త మూస్తావా అమ్మా? దుమ్మొచ్చి రంగు మీద పడుతుంది."

నేను బుద్ధెరిగాక మా నాన్న నన్ను 'పాపా' అని పిలవలేదు. గడుగ్గాయీ అంటాడు, పిడుగా అంటాడు, కోపమొస్తే 'ఏమే మహారాణీ' అంటాడు. పాపా అనేది దారిన పోయే పిల్లల్ని. నేనెవరో తెలియనట్టు నటించడానికి ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చాడు. నాకు సిగ్గుగా ఉంటుందని, నా బదులు ఆయనే నన్ను వదులుకున్నాడు.

లేచి కిటికీ మూశాను. నాన్న "థాంక్స్ అమ్మా," అని నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఇప్పుడు కూర్చుంటే అంతా అయిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. నా బెంచీ నాకుంటుంది.

"నాన్నా!" అన్నాను.

అనడం కాదు, నా జన్మలో అంత దీర్ఘం ఎప్పుడూ తీసి ఉండను. పక్క 'అ' సెక్షన్లో పాఠం ఆగిపోయింది. నాన్న నిచ్చెన రెండో మెట్టు మీద అలాగే ఉండిపోయాడు. గదిలో చప్పుడు లేదు, ఒక్క ఎక్కిళ్ళు తప్ప.

"ఆయన మా నాన్న టీచర్," అన్నాను. మాటలు తోసుకొచ్చేశాయి. "తప్పు ఆయనది కాదు. తోక పెడుతుంటే నేనే పేరు రాయమని దీర్ఘాలు తీసి పిలిచాను. ఆ కుంచెతోనే నా పుస్తకాల మీద రాశారు. కొట్లో రాయించలేదు. ఆ బోర్డు తోక నా పేరులో ఉంది."

టీచర్ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "మరి వారం నుంచీ చెప్పలేదేం?"

"సిగ్గేసింది టీచర్."

"ఇప్పుడు వెయ్యట్లేదా?"

"ఇప్పుడు ఇంకా ఎక్కువ వేస్తోంది టీచర్. కానీ వేరే సిగ్గు."

ఎవరూ నవ్వలేదు. ఎక్కిళ్ళమ్మాయి నా తొమ్మిది పుస్తకాల్లో ఒకటి తీసి వెనక బెంచీ వైపు ఎత్తి చూపించింది. "చూడండి ఎలా రాశారో! నా... హిక్... నాకూ రాయించవే!" అంది. వెనక బెంచీ నుంచి 'దీర్ఘం మింగినాయన' అని పేరు పెట్టిన కుర్రాడే, "నాక్కూడా," అన్నాడు, నెమ్మదిగా.

నాన్న నిచ్చెన దిగాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది రంగు ఘాటు వల్ల కాదు. కుంచెని డబ్బాలో ముంచి, అంచుకి రాసి, నా చేతికిచ్చాడు.

"ఎక్కవే గడుగ్గాయీ. నీ పేరులోంచి తీసి, దాని చోట దాన్ని పెట్టు."

టీచర్ వైపు చూశాను. ఆవిడ తలూపారు. నాన్న రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు, నేను ఎక్కాను. ఆ ఖాళీ చోటు దగ్గరనుంచి చూస్తే చాలా పెద్దదిగా ఉంది. ఊపిరి బిగబట్టి తోక గీశాను. మొదట్లో సన్నగా పోయి, చివరికొచ్చేసరికి లావెక్కి, కొంచెం కిందికి జారింది. కిందనుంచి చప్పట్లు వినపడ్డాయి. నాన్న జేబులోంచి తుడిచే గుడ్డ తీశాడు. తలెత్తి కాసేపు చూశాడు. ఒక్క పొల్లు వంకరపోతే బోర్డంతా చెరిపి రాసే మనిషి, ఆ గుడ్డని మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తోక ఏడాదంతా మా తలుపు పైన అలాగే ఉంది. దానితోపాటు నాకూ ఒక పేరు అంటుకుంది: దీర్ఘం. "దీర్ఘం, నోట్సు ఇస్తావా?" "దీర్ఘం, నీ డబ్బాలో ఏముంది?" మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత పిలవకపోతే వెలితిగా ఉండేది. ఆ నెలలోనే నాన్న మా ఇంటి అరుగు మీద కూర్చుని నలభైమంది పుస్తకాల మీద పేర్లు రాశాడు, అన్నింటికీ నీడలు పెట్టి. ఈసారి తోకలు ముందే పెట్టించింది అమ్మ.

నాన్న మాత్రం అడగడం మానలేదు. రోజూ సాయంత్రం నేను కాళ్ళు కడుక్కోగానే అరుగు మీదనుంచే అడిగేవాడు. ఒక్క మాట మాత్రం మారింది.

"మన బోర్డు ఎలా ఉందే?"

"తోక వంకరగా ఉంది నాన్నా...ఆ...ఆ..." అనేదాన్ని, గుమ్మంలోంచి లోపలికి వస్తూ.