ఒక్కరికి సరిపోయేది

"చోటు లేదు, ఏదైనా తీసెయ్యండి" అంది ఫోన్.

ఆమె చేతులు మోచేతుల దాకా అంట్ల నురగలో ఉన్నాయి. కిటికీ గట్టు మీద సబ్బు డబ్బాకి ఆనించి పెట్టిన ఫోన్లోకి ఆరో పాఠం దిగుతూ దిగుతూ ముప్పావు దగ్గర ఆగిపోయింది. చెయ్యి తుడుచుకుని బొటనవేలు పెట్టింది. తెరుచుకోలేదు. ఎప్పుడూ తెరుచుకోదు. పదమూడేళ్ళుగా వేడి మైనం, ప్లాస్టరు పట్టుకుని పట్టుకుని ఆమె వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. ఆ ఫోన్ ఆమె భర్త బొటనవేలికి తెరుచుకుంటుంది, కూతురి చూపుడువేలికి తెరుచుకుంటుంది. సొంతదారుకి మాత్రం నాలుగంకెలు నొక్కితే గానీ తెరుచుకోదు. ఆ నాలుగంకెలు కూడా ఆయన పుట్టినరోజే.

ఆమె పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు పంపే ప్లాస్టరు అచ్చులు ముందు పెట్టుకుని, స్పిరిట్ దీపం మీద చిన్న కత్తి కాచి, మైనంతో ఒక్కో పన్నూ చెక్కుతుంది. పోత పోయడం, మెరుగు పెట్టడం వేరేవాళ్ళ పని. వీధిలో ఆమెని పళ్ళావిడ అంటారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఒకటి రెండుసార్లు కేజీ ఎంతని కూడా అడిగారు. నవ్వి ఊరుకుంది. అచ్చు చేతిలోకి తీసుకుంటే చాలు, ఆ మనిషి ఏ వైపు నములుతాడో, నిద్రలో పళ్ళు కొరుకుతాడో లేదో చెప్పెయ్యగలదు. కొరికేవాళ్ళ దవడ పళ్ళు గుట్టలు పోయి చదునుగా ఉంటాయి. తన బల్ల మీదికి వచ్చిన అలాంటి అచ్చుల్లో ఆడవాళ్ళవే ఎక్కువని ఆమెకి ఎప్పటినుంచో అనుమానం. ఈమధ్య ఆయన కూడా పొద్దున లేస్తూనే "రాత్రంతా పళ్ళు కొరుకుతున్నావ్, నాకు నిద్ర లేదు" అని విసుక్కుంటున్నాడు. ఎందుకు కొరుకుతోందో మాత్రం అడగలేదు.

అడిగితే చెప్పడానికి కారణం ఉంది. ఆమె పనిచేసే ల్యాబులోకి కంప్యూటరు మీద పళ్ళు గీసే యంత్రం వస్తోంది. ఆరు వారాల్లో పరీక్ష అన్నాడు యజమాని. నెగ్గిన ఇద్దరికి ఆ పని, మైనం బల్లలు ఎత్తేస్తారు. ఆమె పేరివ్వబోతే "మీకెందుకమ్మా ఈ తలనొప్పి? మీ చేతిలో బంగారం ఉంది" అన్నాడు. "మరి బల్ల ఎత్తేస్తే నేనేం చెయ్యాలి సార్?" అంటే "అచ్చులు కడిగే దగ్గర ఎలాగూ ఓ మనిషి కావాలి కదా" అన్నాడు. బంగారం ఉన్న చేతిని నీళ్ళ తొట్టి దగ్గరికి పంపడానికి ఆ మహానుభావుడికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె చేసిన పన్ను పుట్టుపన్నులా కూర్చుందని డాక్టర్లు ఫోన్ చేస్తే "మా కుర్రాళ్ళు గట్టివాళ్ళండీ" అని మురిసిపోయేదీ ఆయనే. ఆమె మొండికేసి పేరిచ్చింది. ఆ రాత్రి నుంచే పళ్ళు కొరకడం మొదలైంది.

ఆ పరీక్షకి చదివే పాఠాలన్నీ వీడియోలు. ఒక్కో పాఠం చివర ఒక పన్నుని ఐదు వైపుల నుంచి గీసి ఫొటో తీసి పంపితే, నేర్పే మేడం ఎర్ర గీతలతో దిద్ది వెనక్కి పంపుతుంది. చదవాల్సింది, చూడాల్సింది, దాచుకోవాల్సింది అంతా కలిపి ఆమెకి కావలసిన చోటు పెద్ద ఎక్కువేమీ కాదు. కానీ ఆ ఫోన్లో ఆమెకి చోటెక్కడ? అది ఆయన వాడి వదిలేసిన ఫోన్. ఆయన ఆఫీసు కాగితాలు ఇంకా అందులోనే ఉన్నాయి, "నీ దగ్గరైతే భద్రంగా ఉంటాయి" కాబట్టి. అత్తగారు మధ్యాహ్నాలు చూసే సీరియళ్ళు అందులోనే. కూతురు డాన్సు పోటీల వీడియోలు, ఆ పిల్ల స్నేహితురాళ్ళ డాన్సు పోటీల వీడియోలు కూడా అందులోనే. నిండినప్పుడల్లా ఖాళీ చేసే పని ఆమెదే. అంటే పోయేది ఆమెదే. ఇంట్లో ఎవరి వస్తువైనా తీసే ముందు అడగాలి కదా, అడక్కుండా తీయగలిగినవి తనవే మరి. చెల్లెలి పెళ్ళి ఫొటోలు అలాగే పోయాయి. నచ్చిన పాటలు అలాగే పోయాయి.

పోయిన వారం మాత్రం ఆమె తియ్యలేదు. ఆయన తీశాడు. ఆఫీసులో ఎవరిదో పదవీ విరమణ సభ వీడియో ఆయన ఫోన్లో పట్టలేదు. ఈమె స్నానానికి వెళ్ళినప్పుడు ఈమె ఫోన్లో బొటనవేలు పెట్టి, చోటు చేసుకుని, అందులోకి ఎక్కించుకున్నాడు. బయటికొచ్చి చూస్తే మేడం దిద్దిన బొమ్మలు ఒక్కటి కూడా లేవు. ఇరవై ఐదు బొమ్మలు. ఏ గుట్ట ఎంత ఎత్తుండాలో, తన చెయ్యి ఎక్కడ తప్పుతోందో ఎర్రగా రాసి ఉన్న బొమ్మలు.

"ఏవో పళ్ళ బొమ్మలుంటే తీసేశాను. అవే కదా, మళ్ళీ గీసుకోవచ్చు" అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే అరవడానికి నోరు పెగిలేది. నిజంగానే అవి ఎవరికీ పనికిరాని బొమ్మలని అనుకున్నాడు. తడి జుట్టుతో అలాగే వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆ కోపం ఇంకా ఆమె ఒంట్లో ఎక్కడో అలాగే ఉంది, ముల్లు విరిగి లోపలుండిపోయినట్టు.

ఇప్పుడు ఈ ఆరో పాఠం. చెయ్యి మళ్ళీ తుడుచుకుంది. ట్యాబ్లెట్ ఒకటి కొనుక్కోవాలని అప్పుడే, ఆ సింకు దగ్గరే అనుకుంది. డబ్బు సంగతి కాదు, చవకరకం కొనుక్కునేపాటి డబ్బు ఆమె దగ్గరుంది. కొనుక్కుంటే ఎవరేమంటారన్నదే సంగతి.

భోజనాల దగ్గర చెప్పింది. ఎవరూ వద్దనలేదు. వద్దంటారని సిద్ధపడ్డ మనిషికి అది ఎంత ఊరటో! ఆ ఊరట అన్నం కలిపేలోపే ఆవిరైపోయింది.

"కొనేదేదో పెద్దది కొను. చవకరకంలో చోటుండదు, దండగ" అన్నాడు ఆయన. "నా కాగితాలన్నీ ఒకచోట పెట్టుకోవచ్చు. తెర పెద్దది కదా, మీటింగులకి కూడా పనికొస్తుంది."

"నా వీడియోలు కట్ చేసుకోవడానికి నాకు కావాలి. అమ్మా, ఒక పని చెయ్. కొత్తది నాకిచ్చెయ్, నా ఫోన్ నువ్వు తీస్కో. నీకు పాఠాలకే కదా!" అంది కూతురు.

"నా సీరియళ్ళు పెద్ద అక్షరాలతో కనిపిస్తాయా అందులో?" అని అడిగింది అత్తగారు.

ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పొద్దున ఎవరికి, మధ్యాహ్నం ఎవరికి, సాయంత్రం ఎవరికి అని పంపకాలు అయిపోయాయి. వంతుల్లో ఆమె మాట రాలేదు. వడ్డించే మనిషిని పంక్తిలో లెక్కపెట్టరు కదా. ఆమె ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి, పెద్దదాని గురించే ఆలోచించడం మొదలుపెట్టింది. నిజమే, పెద్దదైతే అందరివీ పోగా మూల కొంచెమైనా మిగులుతుందేమో. మిగిలినదాంట్లో సర్దుకోవడం ఆమెకి కొత్త కాదు.

మర్నాడు సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ సాయం చేస్తానని కూర్చుంటుంది గానీ, కోడలు మడిచినవి విప్పి మళ్ళీ తన పద్ధతిలో మడుస్తుంది. పదిహేనేళ్ళుగా ఇదే తంతు.

"పెద్దదే కొంటున్నావా?" అంది.

"అందరూ అదే అంటున్నారు కదా అత్తయ్యా."

ఆవిడ దిండు గలీబు ఒకటి విప్పి, మడిచి, మోకాలి మీద పెట్టుకుని చేత్తో సాపుచేసింది. "నేను టైపింగు చేసే రోజుల్లో నాకంటూ ఓ బీరువా కొనుక్కున్నానే. కొనేటప్పుడు మీ మావయ్య ఇదే మాట. కొనేదేదో పెద్దది కొనమన్నారు. కొన్నాను. నలుగురు మోసుకొచ్చారు. వారం తిరక్కుండా ఆయన ఫైళ్ళు వచ్చాయి, మా ఆడపడుచు సామాను వచ్చింది, ఇంటిల్లిపాది దుప్పట్లూ వచ్చాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవడం నా పని అయింది."

"మరి మీ బట్టలో?"

"మంచం కింద పెట్టెలో పెట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడేగా ఉన్నాయి, నువ్వు ఊడ్చేటప్పుడు జరపట్లా?"

జరుపుతుంది. వారానికి రెండుసార్లు ఆ పెట్టెని చీపురుతో పక్కకి నెట్టి కింద ఊడ్చి మళ్ళీ లోపలికి తోస్తుంది. అది ఎందుకక్కడుందని పదిహేనేళ్ళలో ఒక్కసారి అడగలేదు. అవి దేనికని ఒక్క మాట అడక్కుండా తన బొమ్మలు తీసేశారని కోపం దిగమింగుకున్న మనిషే. ఆమెకి సిగ్గేసింది.

ఆదివారం షాపుకి ఆయన కూడా బయల్దేరాడు. "నీకు తెలీదు, మోసం చేస్తారు" అన్నాడు. లోపలికి వెళ్ళగానే అమ్మే అబ్బాయి ఆయనకే నమస్కారం పెట్టి ఆయన్నే అడిగాడు.

"ఎవరికోసం సార్?"

"ఇంటికి" అన్నాడు ఆయన.

ఆమె అద్దాల బల్ల పట్టుకుని నిలబడింది. అబ్బాయి మూడు ట్యాబ్లెట్లు తీసి వరసగా పెట్టాడు. చివరిది చిన్నది, అన్నిటికన్నా చవక. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంటే అబ్బాయి మొహమాటంగా నవ్వాడు.

"అది వద్దు మేడం. నిజం చెప్తున్నాను, కొని వారంలో వెనక్కి తెచ్చేది దాన్నే. పేరుకి ముప్పై రెండు జీబీ. అందులో దాదాపు సగం దాని సొంత సామానుకే పోతుంది."

ఇంట్లో పని పోగా మిగిలే తన రోజు కూడా అంతే కదా అనుకుంది. "కార్డు వేసి పెంచుకోవచ్చా?"

"దీంట్లో కార్డు పెట్టే వీలు కూడా లేదు. నాలుగు సినిమాలు ఎక్కిస్తే అయిపోతుంది. ఆటలు ఆడితే ఆగి ఆగి నడుస్తుంది."

"సినిమాలు కాదు, ఆటలు కాదు. పాఠం ఒకటి దింపుకుని, చూసి, తీసేసి, ఇంకోటి దింపుకుంటే? బొమ్మలు ఓ రెండు మూడొందలు దాచుకుంటే?"

ఆ అబ్బాయి వేళ్ళ మీద లెక్క వేశాడు. పాపం, నిజాయితీపరుడు. "అలా ఒక్కరే వాడుకుంటే సరిపోతుంది మేడం. బాగానే సరిపోతుంది. ఇంట్లో అందరూ వాడితే మాత్రం చాలదు."

"చాలదా?"

"చస్తే చాలదు."

ఆమె ఏదో దొంగతనానికి వచ్చినట్టు ఆయన వైపు ఓరగా చూసింది. ఆయన పెద్దదాన్ని అటూ ఇటూ తిప్పుతూ తన కాగితాలు అందులో ఎలా కనిపిస్తాయో అబ్బాయి చేత చూపించుకుంటున్నాడు. ఆ పెద్దది ఇంటికెళితే ఏమవుతుందో ఆమెకి కళ్ళకి కట్టింది. నలుగురు మోసుకొచ్చిన బీరువా, మంచం కింద పెట్టె. చిన్నదాన్ని బల్ల మీద పెట్టకుండా రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఇదే ఇవ్వండి."

"ఏంటీ?" అన్నాడు ఆయన. "ఇప్పుడేగా చెప్పాడు చోటు లేదని! చెవిలో పడలేదా?"

"పడింది."

"మరి?"

"నాకిది సరిపోతుంది."

ఆయన అబ్బాయి వైపు తిరిగి నవ్వాడు. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్లేదు పెద్దలు." అబ్బాయి నవ్వాలో వద్దో తెలీక డబ్బా వెతకడానికి కిందికి వంగాడు. ఆమె చెవులు కాలిపోయాయి. అయినా చేతుల్లోది వదల్లేదు. పైకి తేలిన అబ్బాయి డబ్బా తెరిచి, వేలిముద్ర పెట్టుకునే సదుపాయం ఇందులో లేదని, అంకెలు పెట్టుకోవాలని చెప్పాడు. ఆయన అలవాటుగా ముందుకి చాచిన బొటనవేలు వెనక్కి తీసుకుని "నా పుట్టినరోజు పెట్టెయ్" అన్నాడు. ల్యాబులో ప్రతి పన్నుకీ రెండంకెల నంబరు ఒకటి ఉంటుంది. తన చేత్తో మొదటిసారి సరిగ్గా కుదిరిన రెండు దవడ పళ్ళ అంకెలు పెట్టుకుంది ఆమె. ఆయన వంగి చూసేసరికి నల్లటి చుక్కలే కనిపించాయి.

దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు. ఈ మౌనం ఎన్నాళ్ళుంటుందో ఆమెకి తెలుసు. కూరలో ఉప్పు గురించి మొదలై, పెంపకం గురించి సాగి, ఎప్పటికో సర్దుకుంటుంది. పరీక్ష నెగ్గుతుందో లేదో అది కూడా తెలీదు. నెగ్గకపోతే ఈ చిన్నదాన్ని చూపించి ఎన్నేళ్ళు నవ్వుతారో. భయం ఎక్కడికీ పోలేదు, ఒళ్ళో డబ్బా పక్కనే కూర్చుంది.

ఇంట్లో అడుగుపెడుతూనే ఆయన తల్లికి ఫిర్యాదు చేశాడు. "చూడమ్మా నీ కోడలి తెలివి! అన్నిట్లోకీ చిన్నది ఏరుకుంది. నా కాగితాలు పట్టవు. నీ సీరియళ్ళు పట్టవు. ఎవరికీ పనికిరాదు."

కూతురు డబ్బా మీది అక్షరాలు చదివి, మూతి ముడుచుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

"ఎవరికీ పనికిరాదా?" అంది అత్తగారు.

"ఎవరికీ!"

ఆవిడ చెయ్యి చాచి అడిగి తీసుకుంది. కళ్ళజోడు పైకి జరుపుకుని చుట్టూ చూసింది, అరచేతిలో బరువు చూసింది. ఇంట్లో కొత్తగా ఏమొచ్చినా హాల్లో టీవీ పక్కన పెట్టడం ఆవిడ అలవాటు. దీన్ని అక్కడ పెట్టలేదు. కోడలి చేతిలోనే పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి ఒక్క నిమిషం ఉంచింది.

"నేనూ ఇలాంటి బీరువానే కొనుక్కోవాల్సింది, అమ్మాయ్" అంది.