పాట వినబడని మోకు

అండాలు పాడితే రథం మోకు పట్టినవాళ్ల అడుగులు ఒక్కటిగా పడతాయని రేగొండ చుట్టుపక్కల పేరు. పదహారేళ్లుగా ఊళ్లో వేణుగోపాలస్వామి రథం ముందు ఆమె భజన బృందమే నడుస్తోంది. పల్లవి పాడేటప్పుడు మోకు బిగపట్టి నిలబడాలి, చరణం అందుకోగానే లాగాలి.

ఈ ఏడు ఆమె చేతిలో ఒక మైకు పెట్టారు. రెండోది రథం మీద ప్రకటనలు చెప్పే యుగేందర్ దగ్గర ఉంది. అతను నోరు తెరిచినప్పుడల్లా ఆమె మైకు ఆపేస్తున్నాడు.

“కదలి రావయ్యా గోపాలా...” అని ఎత్తుకుంది.

“తొవ్వల బండ్లు పెట్టినోళ్లు జర తియ్యాలె!” యుగేందర్ గొంతు అడ్డొచ్చింది.

మళ్లీ ఎత్తుకుంది.

“నీళ్ల ట్యాంకర్ వచ్చింది, అందరు తాగుండ్రి!”

డోలక్ కొట్టే కట్టయ్య చేతులు దించేశాడు. “ఏం దరువెయ్యాలె చెల్లె? నువ్వు పాడుతున్నవో ఆపినవో నాకే సమజైతలేదు.”

అండాలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. రథం దగ్గరికి వెళ్లి అరిచింది. “యుగేందరూ! నీ ముచ్చట జర ఆపరాదు బిడ్డా. మోకు కాడోళ్లకు పాట వినవడాలె.”

“ఒక్క నిమిషం అత్తా. పెద్దమనుషుల పేర్లున్నయ్, చదవకుంటే నా మీద పడ్తరు.”

ఆమె చరణంలో ఉండగానే పేర్లు మొదలుపెట్టాడు. కుడి మోకు వాళ్లు ఆమె పక్కనే ఉన్నారు, ఉత్త గొంతే విని లాగారు. ఎడమ మోకు వాళ్లకు పేర్లే వినబడ్డాయి, ఆగిపోయారు. రథం పక్కకు తిరిగి కుడి చక్రం మురికి కాలువలోకి దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, జాకీలు, మొద్దులు తెచ్చి లేపేసరికి గంట పట్టింది, నడినెత్తిన ఎండ.

“పాట సక్కగ పాడకుంటే గిట్లనే అయితది” అన్నాడు కమిటీ పెద్ద రాములు.

“పాడనిచ్చింది ఎక్కడ, నాయినా?” అంది అండాలు. ఆయన అప్పటికే జాకీవాడి మీద కేకలేస్తున్నాడు.

ఆమె మైకును రోడ్డు మీద పెట్టేసింది. బృందంలోని ఆడవాళ్లను రెండు మోకుల పొడవునా నిలబెట్టింది. తను మధ్యలో నిలబడి పాడింది. ఒకరి నుంచి ఒకరు తాళాలతో దరువు అందుకున్నారు. రథం తిన్నగా గుడి చేరింది.

మైకులో టెంటువాళ్లకు, జాకీవాళ్లకు, ట్యాంకర్‌వాళ్లకు ధన్యవాదాలు చెప్పారు.

“మన పేరే తియ్యలే వదినా” అంది బృందంలోని మంజుల.

అండాలు తాళాలు సంచిలో పడేసింది. ఇంతలో యుగేందర్ పులిహోర తెచ్చిచ్చాడు. “అలిగినవా అత్తా? వచ్చే యేడు మంచిగ చేద్దాం.”

“వచ్చే యేడు మైకుతోనే లాగిపియ్యి” అంది. గొంతు పూర్తిగా పోయింది, గాలే వచ్చింది.

“ఏందత్తా? వినవడలే.”

ఆమె ఇంకోసారి చెప్పబోయి, పులిహోర పొట్లం లాక్కుని ఆటో ఎక్కింది.