శిఖరం మీది కేక

కళ్లద్దాలక్కకు యాభై రెండేళ్లు. కాఫీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని, అందుకే ఆ పేరు. ఆమె పనిచేసే దుకాణం పైగదిలోనే పర్వతారోహకుల క్లబ్బు. ఆదివారం ఉదయం సభ్యులు మెట్లెక్కొచ్చి ఆయాసపడుతుంటే, కొండలెక్కేది వీళ్లేనా అని కొత్తవాళ్లకు అనుమానం వస్తుంది.

క్లబ్బు పెట్టింది ఒక గడియారాల మెకానిక్కు, ఒక దంతవైద్యుడు. మొదటి యాత్రకు బట్టలారేసే తాడు, ఒక గొడుగు పట్టుకెళ్లారు. ముందు నడిచేది నేనంటే నేనని సగం దూరంలో పోట్లాడుకుని దిగొచ్చారు. క్లబ్బు చరిత్రలో ఆ పోట్లాటను ‘వాతావరణం అనుకూలించలేదు’ అంటారు. చాలా ఏళ్లకు, స్టవ్వు మోసే మనిషి దొరకనప్పుడు, ఆడవాళ్లను చేర్చుకున్నారు.

దక్షిణ శిఖరమైనా మరొకటైనా, ఎక్కినవాళ్లు పైన నిలబడి తమ పేరు అరవాలి. ఆ కేక అక్కడికక్కడే తిరిగి రాదు. ఏళ్లు గడిచాక ఈ పైగది కిటికీలోంచి వస్తుంది. మెకానిక్కు కేక ఆయన పోయాక వచ్చింది. అప్పుడాయన భార్య టీ పోస్తోంది. చెయ్యి ఆపి, చివరిదాకా విని, మిగిలిన కప్పులు నింపింది.

ఫొటోలదేముంది, ఎక్కడైనా దిగొచ్చు. కేక వస్తేనే ఎక్కినట్టు. కేక వచ్చిన మనిషే తర్వాతి యాత్రను నడిపించాలి. ఆ మనిషి వెనక్కి తిరిగితే జట్టంతా తిరగాలి. కేక ఇంకా రాని మగవాళ్లు ‘రావాల్సి ఉంది’ అని చెప్పి జట్టులో నడవొచ్చు. కేక రాని ఆడవాళ్లకు కింది శిబిరంలో స్టవ్వు.

ఈ ఏడు ఉత్తర శిఖరం వంతు. క్లబ్బులో ఇంతవరకూ ఎవరూ ఎక్కనిది. ఎక్కాలని కళ్లద్దాలక్క కోరిక. ఆ కోరిక తప్ప ఆమెలో మిగతావన్నీ ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

దక్షిణ శిఖరం ఆమె ఎక్కింది. పెళ్లయిన కొత్తలో, భర్తతో కలిసి. ఇప్పుడాయన క్లబ్బు అధ్యక్షుడు. ఆ రోజు చివరి గట్టు కింద ఆయనకు కళ్లు తిరిగాయి. బండ మీద చతికిలబడి, “నువ్వెళ్లి నా పేరు అరిచి రా. మొగుడూ పెళ్లాలం, నీ పేరేంటి నా పేరేంటి?” అన్నాడు. ఆమె ఎక్కి, అరిచి, దిగింది. తన పేరు కూడా అరవొచ్చునని సగం దారిలో తట్టింది. అప్పటికి మంచు కమ్మేసింది.

అప్పటినుంచీ ఆమె ఎదురుచూస్తోంది. అన్నేళ్లు దగ్గర పెట్టుకున్నాక కొండ ఆ పేరును సరిదిద్ది పంపుతుందేమోనని.

ఆ ఆదివారం జట్టు ఎంపిక మీద వాదన జరుగుతుండగా కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. గదిలోకి చలి వచ్చింది. అందరూ మాటలాపారు. కేక వచ్చింది. అధ్యక్షుడి పేరు, ఇంటిపేరుతో సహా. గొంతు మాత్రం వయసులో ఉన్న ఆడమనిషిది.

“అది అక్క గొంతు కదా!” అంది నర్సు. క్లబ్బులో అందరికంటే చిన్నది.

“నిబంధనలో పేరు అని ఉందమ్మా. గొంతు అని లేదు,” అన్నాడు కార్యదర్శి.

“మరి ఎక్కిందెవరండీ? పేరా?”

“అన్నిటికీ అడ్డం రాకు. ఏమ్మా కళ్లద్దాలూ, నువ్వేమంటావ్?”

“విన్నారుగా,” అంది ఆమె. “ఆయన పేరే.”

చప్పట్లు కొట్టారు. ఉత్తర శిఖరానికి అధ్యక్షుడే నాయకుడన్నారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్లద్దాలక్కకు స్టవ్వు రాశారు.

ఇంటికొచ్చాక ఆయన బూట్లయినా విప్పలేదు.

“నువ్వూ నాతో పైదాకా రావాలి. వంటకి ఇంకెవరైనా ఉంటార్లే.”

“ఎందుకు?”

“ఎందుకంటావేంటి? చివర్లో నాకు... పోయినసారి లాగే, నువ్వు కాస్త ముందుకెళ్లి...”

“అరవను.”

“ఇన్నేళ్లకి పౌరుషం పొడుచుకొచ్చిందా?”

“పౌరుషం కాదండీ. ఇన్నాళ్లూ కిటికీ కేసి చూస్తూ కూర్చున్నా. రావాల్సింది వచ్చేసింది. ఇంక ఆ గదిలో నాకు పనేం లేదు.”

ఆమెకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. పన్ను పీకించుకున్నాక మత్తు వదలని దవడలా ఉంది ఒళ్లంతా. అన్నం తినేసి పడుకుంది. మర్నాడు దుకాణానికి వెళ్తూ తన దగ్గరుండే పైగది తాళంచెవి కార్యదర్శి చేతిలో పెట్టింది.

అధ్యక్షుడు జట్టును మొదటి శిబిరం దాకా నడిపించాడు. కడుపులో తిప్పుతోందన్నాడు. నియమం ప్రకారం అందరూ దిగొచ్చారు. వాతావరణం అనుకూలించలేదని కార్యదర్శి చరిత్రలో రాశాడు.

మరుసటేడు కళ్లద్దాలక్క, నర్సు వేరే ఊరి క్లబ్బులో చేరి ఉత్తర శిఖరం ఎక్కారు. పైన నర్సు తన పేరు అరిచింది. కళ్లద్దాలక్క అరవలేదు. నీళ్లు తాగి దిగింది.