ఇంటికొక్క నంబరు

ఆ ఇంట్లో నలుగురు మనుషులకు ఒక్కటే నంబరు. గ్యాసు బండకైనా, రేషన్ కార్డుకైనా, ఉషశ్రీ స్కాలర్‌షిప్పుకైనా, వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మ ఆధార్‌కైనా, ఎవరు ఏ కాగితం రాసినా అందులో వేసేది పెదనాయన విజయభాస్కర్ ఫోన్ నంబరే. ఆడవాళ్ళకు ఫోన్ ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, ఎవరూ కొనివ్వలేదు. తండ్రి మాధవయ్య పోయిన ఈ తొమ్మిదేళ్ళూ అలాగే గడిచింది. ఓటీపీ వస్తే పెదనాయన అరుగు మీద కూర్చుని "రాసుకో" అని కేకేస్తాడు. ఉషశ్రీ పెన్ను పట్టుకుని పరుగెత్తుకొచ్చి అరచేతిలో రాసుకుంటుంది. ఏ నంబరు ఎందుకొచ్చిందో ఆయనకు తెలుసు. ఆయన పైకి చదవకుండా ఊరుకున్న మెసేజీల సంగతి మాత్రం వీళ్ళకు తెలియదు.

అలాంటిదొకటి ఉందని మొన్న బయటపడింది. కులం సర్టిఫికెట్ కోసం ఊరి సచివాలయానికి వెళ్ళినప్పుడు బోర్డు మీద అంటించిన కాగితంలో ఉషశ్రీకి తండ్రి పేరు కనిపించింది. దొర్నిపాడు దారిలోని రెండెకరాల చేను మాధవయ్య పేరు మీద నుంచి విజయభాస్కర్ పేరు మీదికి మారబోతోంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు పదిహేను రోజుల్లోగా చెప్పుకోవాలి. అప్పటికే పన్నెండు రోజులైపోయాయి. సుబ్బరత్నమ్మ నంబరుకు మెసేజీ కూడా పోయిందని అక్కడి అమ్మాయి చెప్పింది. సుబ్బరత్నమ్మ నంబరంటే ఎవరిదో ఉషశ్రీ ఆమెకు చెప్పలేకపోయింది.

ఆ మాట విని సుబ్బరత్నమ్మ ఏడవలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే, వకీలు దగ్గరికి పోదామంటే ఆళ్ళగడ్డలో తనకు తెలిసిన వకీలు ఒక్కడేనని, ఆయన ప్రతి ఆదివారం బావ విజయభాస్కర్ పక్కన కూర్చుని టీ తాగే మనిషని చెప్పింది. అప్పుడు ఉషశ్రీ తన కాలేజీలో విన్న సంగతి చెప్పింది. ఆళ్ళగడ్డలో కోర్టు ఎదురుగా ఉచిత న్యాయసహాయం గది ఒకటి ఉంది. వకీలు లేనివాళ్ళు అక్కడి టాబ్‌లో తమ బాధ తమ మాటల్లో చెప్పుకుంటే ఆ టాబే అర్జీ రాసి నంద్యాలకు పంపుతుంది. అభ్యంతరం అదే రోజు నమోదవుతుంది, తర్వాత నంద్యాలలో డబ్బు తీసుకోని వకీలును ఇస్తారు.

పద్నాలుగో రోజు పొద్దున, కాలేజీలో తల్లిదండ్రుల మీటింగు ఉందని పెదనాయనకు చెప్పి ఇద్దరూ బస్సెక్కారు. ఆయన వద్దనలేదు. ఛార్జీలకు డబ్బులు కూడా ఇచ్చాడు. ఆ నోట్లు అమ్మ చేతిలో దారి పొడవునా నలుగుతూనే ఉన్నాయి.

న్యాయసహాయం గదిలో ఉన్నావిడ పేరు కమలాక్షమ్మ. ఆమె టాబ్‌ను సుబ్బరత్నమ్మ ముందుకు జరిపి, జరిగింది జరిగినట్టు చెప్పమంది. సుబ్బరత్నమ్మ మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగింది. ఇంట్లో అలా మాట్లాడీ మాట్లాడీ పడిన అలవాటు అది, బావ పక్కగదిలో ఉన్నట్టే. టాబ్‌కు ఏమీ వినపడలేదు.

"గట్టిగా చెప్పక్కా," అంది కమలాక్షమ్మ. "ఈడ నీ బావ లేడులే."

"మా ఆయప్ప సచ్చిపోయి తొమ్మిదేండ్లాయ. ఆయప్ప చేను మా బావ ఆయన పేరున రాపిచ్చుకుంటాండాడు. నాకు చెప్పల్యా. నేను సంతకం పెట్టల్యా. నాకూ నా బిడ్డకూ ఉండేది అదొక్కటే."

తెర మీద అక్షరాలు వరుసగా పడ్డాయి. తర్వాత టాబ్‌లోంచి ఎవరో చదువుకున్న ఆడమనిషి గొంతు దాన్ని తిరిగి చదివింది. నా భర్త తొమ్మిది సంవత్సరాల క్రితం మరణించారు. నాకు తెలియజేయకుండా, నా సంతకం లేకుండా...

సుబ్బరత్నమ్మ టాబ్ వైపు అనుమానంగా చూసింది. "ఇది నేనన్న మాటేనా?"

"నీ మాటే. చీర మార్చుకుని వచ్చింది, అంతే," అంది కమలాక్షమ్మ.

సుబ్బరత్నమ్మ ఆ రోజుకు మొదటిసారి కొంచెం నవ్వింది. ఇంకోసారి చదివించమని అడిగి, కళ్ళు మూసుకుని విన్నది.

తర్వాత కమలాక్షమ్మ ఆధార్ కార్డు చూసి, దానికి కలిపిన ఫోన్ నంబరు అడిగింది. ఉషశ్రీ గడగడా చెప్పేసింది. ఆమెకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. ఎవరు ఎక్కడ అడిగినా ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేస్తుంది. చివరి అంకె చెప్పాక గానీ తాను చేసిన పనేమిటో తట్టలేదు. ఆపమనే లోపల కమలాక్షమ్మ వేలు తెరను తాకింది. ఓటీపీ పంపబడింది, పది నిమిషాల్లో నమోదు చేయండి అని వచ్చింది. తెర మూలన అంకెలు తగ్గడం మొదలైంది.

తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ నంబరు ఎవరిదో ఉషశ్రీ నోట విని కమలాక్షమ్మ తెర మీది అంకెల వైపు చూసింది. నంబరు మార్చుకోవాలంటే నంద్యాలకు పోవాలని, అది మారేసరికి నాలుగైదు రోజులైనా పడుతుందని మెల్లగా చెప్పింది. గడువు రేపటితో సరి. ఆయననే అడిగి చూడమని ఆమె తన ఫోన్ ఉషశ్రీ చేతికిచ్చింది.

స్కాలర్‌షిప్పుకు అని చెప్పాలనుకుంది ఉషశ్రీ. ఆ మాటను రెండుసార్లు లోపల అనుకుని చూసుకుంది కూడా. పెదనాయన ఫోన్ ఎత్తాడు.

"పెదనాయనా, ఒక నంబరొచ్చింటాది..."

"వచ్చింది. రాసుకో." అలవాటు కొద్దీ ఆయన మొదలుపెట్టాడు. "నాలుగు, ఏడు..." అక్కడ ఆగాడు. మిగతా మెసేజీ చదువుతున్నట్టుంది. "ఏందమ్మీ ఇది? న్యాయసహాయం అనుంది. యాడుండారు మీరు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. అప్పుడే ఎదురుగా అమ్మ కళ్ళు కనపడ్డాయి.

"ఆళ్ళగడ్డలో, పెదనాయనా. మా నాయన చేను గురించి అర్జీ పెడతాండాం. మిగిలిన నాలుగంకెలు చెప్పు."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. అంకెలు సున్నాకు చేరేదాకా ముగ్గురూ తెరనే చూస్తూ కూర్చున్నారు.

ఓటీపీ బదులు వేలిముద్ర పెట్టొచ్చంది కమలాక్షమ్మ. ముప్పై ఏళ్ళు మిరప కోతకూ పత్తి తీతకూ తిరిగి అరిగిన వేళ్ళు అవి. పదింటిలో ఒక్కటీ పడలేదు. చివరికి ముఖం చూపించమంది. తెర మీది గుండ్రంలో ముఖం పెట్టి కళ్ళు ఆర్పమంటే సుబ్బరత్నమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని తెరవడం మరిచిపోయింది. మూడోసారికి ఆకుపచ్చ గీత వచ్చింది.

పంపేముందు కమలాక్షమ్మ ఒక మాట చెప్పింది. ఆధార్‌లో ఆ నంబరున్నంత కాలం వకీలు పేరు, పిలిచిన తేదీ, అన్నీ ఆయన ఫోన్‌కే పోతాయి. ఈ రాత్రికి మీరు పోవాల్సింది కూడా ఆ ఇంటికే కదా, ఆలోచించుకోండి అంది.

సుబ్బరత్నమ్మ ఎంతోసేపు ఆలోచించలేదు. "నా ముఖం చూపిచ్చినా కదమ్మా. పంపు."

సాయంత్రం ఇల్లు చేరేసరికి పెదనాయన అరుగు మీదే ఉన్నాడు. ఎక్కడికి పోయారని అడగలేదు, తిట్టలేదు. పెద్దమ్మ సరస్వతమ్మ లోపలి నుంచి ఒకసారి తొంగిచూసి వెనక్కి పోయింది. వీళ్ళు మెట్లెక్కి ఆయనను దాటి లోపలికి పోవాలి. ఆ ఇంటికి వేరే వాకిలి లేదు.

సుబ్బరత్నమ్మ తల వంచుకుని వెళ్ళిపోయింది. ఉషశ్రీ వెనకే అడుగు వేస్తుంటే ఆయన ఫోన్ తీసి, కళ్ళకు దూరంగా పట్టుకున్నాడు.

"రాసుకో. మీ వకీలు నంద్యాలకు రమ్మన్నాడు. ఇరవై నాలుగో తేదీ, పొద్దున పదిన్నరకు. నేనేదో దాచిపెట్టినానని అనుకునేరు."

ఉషశ్రీ పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. రాసుకుని అంకెల వైపు చూసింది. తొమ్మిదేళ్ళలో ఇలా ఎన్ని రాసుకుందో లెక్కలేదు. ఒక్కటీ తన కళ్ళతో చూసి రాసుకున్నది కాదు.

ఆమె ఆయన ముందుకు వెళ్ళి చెయ్యి చాపింది.

"ఫోను ఒకసారి ఇయ్యి, పెదనాయనా. నేను చూసుకుంటా."

ఆయన ఆమెను కొత్తగా చూసినట్టు చూశాడు. పిట్టగోడ అవతల ఎవరో పోతూ పలకరించారు. ఆయన వాళ్ళకు తలూపుతూనే ఫోన్‌ను ఆమె చేతిలో పెట్టాడు.

పద్నాలుగో తేదీ అని ఉంది.

"పద్నాలుగు, పెదనాయనా," అంది మెల్లగా.

"కండ్లు ఆనవు నాకు," అన్నాడాయన వీధి వైపు చూస్తూ.

అది నిజమో కాదో ఆమె అడగలేదు. మధ్యాహ్నం వచ్చిన నాలుగు, ఏడు మాత్రం ఆయన తడుముకోకుండానే చదివాడు. అరచేతిలోని రెండును తడివేలితో తుడిచి, ఒకటిగా దిద్దుకుంది. ఫోన్ ఆయనదే కాబట్టి తిరిగి ఇచ్చేసింది. అమ్మను పద్నాలుగులోపే నంద్యాలకు తీసుకుపోయి నంబరు మార్పించాలి. దానికైనా ఈ అరుగు దాటే పోవాలి.

లోపల సుబ్బరత్నమ్మ వడ్డిస్తోంది. రోజూలాగే మొదటి కంచం బావకు పెట్టింది.