కూతురి సంతకం

వంతెన పేల్చినవాడు తమ మతంవాడేనని తెలిసినప్పటినుంచి ప్రార్థనామందిరం పెద్దకు కంటిమీద కునుకు లేదు. ప్రభుత్వానికి విధేయులమని పత్రం రాసి, ఇంటింటికీ తిరిగి తమవాళ్లందరిచేతా సంతకాలు పెట్టించాడు. సొంత కూతురే పెట్టనంది.

"పదేళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేస్తున్నా. అది చాలదా నాన్నా? పక్కింటివాళ్లది మన మతం కాదుగా, వాళ్లనెవరైనా అడిగారా?"

కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. చివరికి ఆమె సంతకం ఆయనే పెట్టేశాడు.

పత్రం చూసిన అధికారికి అనుమానమొచ్చింది. "మీ సంతకం, మీ అమ్మాయి సంతకం ఒకే చేతిరాతలా ఉన్నాయే! అమ్మాయిని పిలిపించండి."

ఒక్కటి దొంగదని తేలితే అన్నీ దొంగవే అంటారు, మందిరానికి తాళం వేస్తారు.

ఆమె యూనిఫాంలోనే వచ్చింది.

"ఇది నీ సంతకమేనా?"

తండ్రికేసి చూసింది. "నాదేనండీ."

"అయితే ఇక్కడ మళ్లీ పెట్టు."

చిన్నప్పుడు ఆమెచేత అక్షరాలు దిద్దించింది తండ్రే. ఆయన గుండ్రటి రాతలోనే నెమ్మదిగా పేరు రాసింది. అధికారి ముద్ర గుద్దాడు. "ఇకమీదట ప్రతినెలా ఇలా సంతకాలు పెట్టిన పత్రం తెచ్చివ్వాలి."

మెట్లు దిగాక తండ్రి నోరు తెరవబోయాడు.

"వచ్చేనెల కూడా నువ్వే పెట్టు నాన్నా," అందామె. "నాకు చెయ్యి రాదు."