మునియమ్మకు పెట్టిన పథ్యం

ఆ ఆదివారం మధ్యాహ్నం వాయిలేవు లైనులో ఆడవాళ్ళ సందడి అంతా ఇంతా కాదు. కడుపు కోయించుకోవడానికి ఓడెక్కి సువా పెద్దాసుపత్రికి వెళ్ళిన మునియమ్మ ఆరు వారాల తర్వాత ప్రాణాలతో తిరిగొచ్చింది. ఒకామె దిష్టి తీసింది. ఒకామె చాప పరిచింది. ఇంకొకామె మునియమ్మ తలకు గుడ్డ చుట్టి, రెండు చెవుల్లోనూ దూది కుక్కింది. ఈ హడావిడిలో ఆమెను ఒక్క మాట అడిగిన వాళ్ళు లేరు. పాఠకులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

లైను అంటే ఏమిటో తెలియని వారి కోసం రెండు మాటలు. గిర్మిట్ అనే అయిదేళ్ళ ఒప్పందం మీద ఫిజీకి వచ్చిన కూలీల కోసం చెరుకుతోట కంపెనీ కట్టించిన పొడుగాటి రేకుల కొట్టం అది. ఇంటికొక గది. గదికీ గదికీ మధ్య గోడ ఉంటుంది గాని, అది పైకప్పు దాకా పోదు. అందువల్ల ఈ గదిలో దగ్గితే నాలుగో గదివాళ్ళు కషాయం చెబుతారు. మంచివాళ్ళే, కాదనను. దేశం కాని దేశంలో ఒకరికొకరు తప్ప దిక్కులేని వాళ్ళు. కాని మంచితనం కూడా ఒక్కొక్కసారి మనిషి ప్రాణం తీస్తుంది.

మునియమ్మ, ఆమె భర్త మున్సామి చిత్తూరు వైపు నుంచి వచ్చి మూడేళ్ళయింది. నాలుగేళ్ళ కూతురు చంద్ర ఉంది. ఏడాదిగా మునియమ్మకు కుడి డొక్కలో నొప్పి వచ్చి పోతుండేది. వాయువని వాము నమిలింది. చివరకు కళ్ళు పచ్చబడి, చెరుకు గట్టు మీద మెలికలు తిరిగి పడిపోతే తోట డాక్టరు దొర సువాకు పంపించాడు. అక్కడ ఆమె పిత్తాశయం తీసేశారు. కోడిని కోసేటప్పుడు చితక్కుండా తీసి పారేస్తామే, ఆ చేదు తిత్తి లాంటిదే మనిషికీ ఉంటుందట. మునియమ్మ తిత్తి నిండా రాళ్ళున్నాయి.

పంపించేటప్పుడే డాక్టరు దొర ఒక మాట చెప్పాడు. తిరిగొచ్చాక నెలాఖరున తాను వచ్చి చూస్తాడు. అప్పటికి మనిషి కోలుకుని ఏదో ఒక పని చేసేలా ఉంటే సరి. లేదంటే పనికిరాని మనిషని రాసి, మద్రాసు వెళ్ళే ఓడ ఎక్కిస్తారు. మున్సామికి ఇంకా రెండేళ్ళ గిర్మిట్ ఉంది, వాడు కదలడానికి వీల్లేదు. పిల్ల తండ్రి దగ్గరుంటుందో తల్లితో పోతుందో అది ఆఫీసు వాళ్ళ ఇష్టం. ఆ నెలాఖరుకు ఇంకా ఇరవయ్యారు రోజులుంది.

మునియమ్మను నిలబెట్టే భారం భగవతమ్మ తన నెత్తిన వేసుకుంది. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన ముసలిది. లైనులో పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. అందరూ అవ్వ అంటారు. ఆమె మాటకు కూలీల చేత పని చేయించే సర్దారు యోగేంద్ర కూడా ఎదురు చెప్పడు.

"కడుపు కోసినారంటే ఏటి? పురుటి కంటే పెద్ద గండం" అని అవ్వ తేల్చేసింది. "బాలింత పథ్యమే పెట్టాల. నలబై రోజులు గాలి తగలకూడదు."

"అవ్వా, ఆసుపత్రి నర్సమ్మ ఏం చెప్పిందంటే..." అని మునియమ్మ మొదలుపెట్టింది.

"నర్సమ్మకేటి తెలుసే? ఆవిడెప్పుడైనా పురుడు పోసిందా? నోరు మూసుకుని పడుకో."

మునియమ్మ నోరు మూసుకుంది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని పుట్టినప్పటి నుంచీ నేర్పిన పాఠం అది. ఆ పాఠం నేర్పినవాళ్ళను నేను తప్పు పట్టను. కాని ఒళ్ళు ఎవరిదో, నొప్పి ఎవరిదో ఆ పాఠంలో ఎవరూ చెప్పలేదు.

పథ్యం మొదలైంది. ఏటి అవతల సొంత పొలంలో రెండు ఆవులు పెట్టుకున్న పార్బతి, గిర్మిట్ తీరిన మనిషి, అభిమానం కొద్దీ గిన్నె నిండా నెయ్యి పంపింది. ఆ నేతిలో వెల్లుల్లి వేయించి, సొంఠి పొడి కలిపి, పొగలు కక్కే అన్నంలో నెయ్యి కారేలా కలిపి పూటకు నాలుగు పెద్ద ముద్దలు. నీళ్ళు మాత్రం కాచి చల్లార్చినవి రోజుకు అరచెంబు. గది దాటకూడదు. కాలు కింద పెట్టకూడదు.

ముద్ద దిగిన అరగంటకే మునియమ్మ కడుపులో పేగులు తిరగబడేవి. దొడ్డికి పోవాలంటే లైను చివరి దాకా నడవాలి. పట్టపగలు అందరి గదుల ముందు నుంచి రోజుకు ఆరేడుసార్లు, కడుపు మీద కోత పట్టుకుని వంగి వంగి పరుగెత్తేది. సిగ్గుతో చచ్చిపోయేది. ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా.

చూసినవాళ్ళు ఊరుకుంటారా? గోడల మీదుగా మాటలు పోయాయి. "తిత్తి తీసేశారు కదా, తిన్నది ఇంక యాడ నిలుస్తుంది?" అని ఒకరు. "దొరలు కోసిన కడుపు ఇంక మామూలు కడుపా?" అని ఒకరు. రెండు గదుల అవతల బసంతి అనే పిల్ల తన డొక్క పట్టుకుని ఈ మాటలన్నీ వింది. ఆమెకూ సరిగ్గా అక్కడే నొప్పి. నేను చచ్చినా ఆసుపత్రికి పోనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. చూశారా, ఒక మనిషికి తప్పుగా పెట్టిన పథ్యం ఇంకొకరి మందుకు ఎలా అడ్డు పడుతుందో.

మనిషి నీరసించిన కొద్దీ అవ్వ నెయ్యి పెంచింది. నెయ్యి పెంచిన కొద్దీ మనిషి నీరసించింది. పదో రోజుకు మునియమ్మ గాజులు మోచేతి దాకా జారాయి. పొలం నుంచి వచ్చిన మున్సామి ఆమె ముఖం చూసి గడప దగ్గరే కూలబడ్డాడు. ఓడ ఎక్కించేస్తారని వాడికి రూఢి అయిపోయింది. చంద్రను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జుట్టు నిమిరాడు.

మర్నాడు పొద్దున అందరూ పనికి పోయాక మునియమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చింది. చూరు నీళ్ళు పట్టే పీపా దగ్గరకు పోయి, దోసిలితో ముంచుకుని తాగింది. దూది తీసి పారేసింది. మళ్ళీ తాగుతుండగా వెనక నుంచి భగవతమ్మ చూసింది.

"ఓలమ్మ, సచ్చిపోతావే పచ్చి నీళ్ళు తాగితే" అంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

మునియమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది. అవ్వ చెయ్యి విడిపించుకున్న ఆడది ఆ లైనులో అంతవరకు లేదు.

"నేను బిడ్డను కనలేదు అవ్వా" అంది. "నా కడుపులో రాళ్ళుంటే తీసేసినారు. పది దినాలుగా నువ్వు చెప్పిందల్లా తిన్నాను. తిన్నదల్లా నీళ్ళై పోతా ఉంది. ఎట్టుందమ్మా అని ఒక్కరంటే ఒక్కరు నన్ను అడగలేదు. ఓడ ఎక్కేది నువ్వు కాదు, నేను. బిడ్డను వదిలిపెట్టేది నేను."

భగవతమ్మ ముఖం మాడిపోయింది. కొంగు విదిలించుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. మునియమ్మ పీపాకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంత మాట అనేశాను, ఇంక నాకు గుక్కెడు గంజి కాచే దిక్కు కూడా లేదనుకుంది.

మధ్యాహ్నం తలుపు తీసి అవ్వ వచ్చింది. చేతిలో గిన్నె లేదు. మునియమ్మ చాప పక్కన చతికిలబడింది.

"సరే, సెప్పు. ఏటి తింటే ఏటవుతాంది?"

మునియమ్మ చెప్పింది. నెయ్యి పడడం లేదు. ఒకేసారి ఎక్కువ తింటే పడడం లేదు. నర్సమ్మ హిందీలో అర్థమయ్యేట్టు చెప్పిన మాటలన్నీ చెప్పింది. కొద్ది కొద్దిగా అయిదారుసార్లు తినాలి. కొన్ని వారాలు నూనె, నెయ్యి మానుకోవాలి. తరవాత చెంచాడు చెంచాడుగా అలవాటు చేసుకోవాలి. దాహమైనప్పుడల్లా తాగాలి. రోజూ కాస్త నడవాలి, బరువు మాత్రం ఎత్తకూడదు. తిత్తి లేకపోయినా మనిషి బతకగలదు, ఒంటికి కొత్త అలవాటు నేర్పాలి, అంతే.

అవ్వ అంతా వింది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అది ఆమెకు ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

"ఇదంతా మొదటి రోజే ఎందుకు సెప్పనేదే?"

"నువ్వు చెప్పనిస్తేగా."

ముసలిదానికి నవ్వొచ్చింది. మునియమ్మకూ వచ్చింది. నవ్వితే కోత దగ్గర నొప్పి పుట్టి అబ్బా అంది.

మిగిలిన నెయ్యి పార్బతి దగ్గరకు తిరిగిపోయింది. పార్బతి నొచ్చుకోలేదు, మజ్జిగ పంపింది. అవ్వ పొద్దున్నే పెసరపప్పు వేసి పలచగా గంజి కాచేది. తర్వాత అక్కడ దాలో అనే చేమదుంప ఉడికించినది రెండు ముక్కలు. మళ్ళీ కాసింత అన్నం, మిరియాల చారు. తిన్న ప్రతిసారీ "ఎలగుంది?" అని అడిగేది. గోడ అవతలి వాళ్ళు "ఇంగువ వెయ్యరాదా అవ్వా" అంటే, "తినేది నువ్వా, అదా? దాన్నడుగు" అని కసిరేది.

మూడో రోజుకు కడుపు నిలిచింది. సాయంత్రం పని నుంచి వచ్చిన మున్సామి ఆమె చెయ్యి పట్టుకుని ఒక చెరుకు సాలు పొడుగునా నడిపించేవాడు. మొదటి రోజు సగం సాలుకే కూర్చుండిపోయింది.

"ఇంత బాధ పడతా నాతో ఎందుకు చెప్పలేదుమే?" అని అడిగాడు మున్సామి.

"నువ్వు అడగలేదు కదా" అంది.

ఆ తర్వాత రోజూ అడిగాడు.

అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. పక్క లైనులో పెళ్ళి జరిగితే నోరు కట్టుకోలేక నాలుగు పకోడీలు తిని మునియమ్మ రెండు రోజులు అవస్థ పడింది. "ఇది మాత్రం నా పథ్యం కాదు తల్లీ" అని అవ్వ ఊరంతా వినేట్టు అంది. అయినా గాజులు మళ్ళీ మణికట్టు దగ్గర ఆగాయి. నెలాఖరు దగ్గర పడేసరికి ఆమె ఏటి గట్టు దాకా నడిచి వస్తోంది.

డాక్టరు దొర వచ్చిన రోజు లైను ముందు బల్ల వేశారు. యోగేంద్ర పక్కన నిలబడ్డాడు. ముందు రోజే అతను మున్సామికి చెప్పి ఉంచాడు, అంతా బాగుందని తాను చెబుతాననీ, ఆమెను పలకవద్దనీ. పాపం, మేలు చేద్దామనే. దొర ఆమెను చూసి, ఎలా ఉందని హిందీలో యోగేంద్రను అడిగాడు.

"సబ్ ఠీక్ హై సాహెబ్" అన్నాడు సర్దారు. "రేపటి నుంచి చెరుకు మోపులు ఎత్తుతుంది."

మోపు ఎత్తితే కోత తెగుతుంది. ఎత్తలేనంటే ఓడ.

జనంలోంచి భగవతమ్మ ముందుకొచ్చింది. దొర ముందు నోరు విప్పి ఎరగదు. అయినా తనకొచ్చిన హిందీలో గట్టిగా అంది, "ఉస్ సే పూఛో సాహెబ్. దాన్నే అడగండి."

దొర కళ్ళజోడు సవరించుకుని మునియమ్మ వైపు తిరిగాడు. మునియమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నొప్పి లేదు. అన్నం సయిస్తోంది, నెయ్యి సయించదు. ఇంత దూరం నడవగలను, కలుపు తీయగలను. మోపు ఇప్పుడే ఎత్తలేను, ఇంకో రెండు నెలలు కావాలి.

దొర కోత చూశాడు. కనురెప్ప లాగి చూశాడు. సరిగ్గా చెప్పావు అన్నాడు. ఎత్తగలనని అబద్ధమాడి మోపు కింద పడి ఉంటే రెండోసారి కుట్టే వీలుండేది కాదన్నాడు. రెండు నెలలు కలుపు పనే అని కాగితం మీద రాశాడు. ఓడ మాట ఎత్తలేదు.

మున్సామి చంద్రను భుజాన ఎత్తుకుని ఏడ్చాడు, నవ్వాడు, ఏం చేస్తున్నాడో వాడికే తెలియలేదు. ఆ సందట్లో బసంతి మెల్లగా అవ్వ పక్కకు చేరి, "అవ్వా, నాకూ ఇక్కడ..." అని డొక్క మీద చెయ్యి పెట్టింది.

భగవతమ్మ ఆ చెయ్యి పట్టుకుని దొర బల్ల దగ్గరకు తీసుకుపోయింది. దొర ఆమెను పరీక్షిస్తున్నంత సేపూ పక్కనే నిలబడి, తర్వాత లైను ఆడవాళ్ళ వైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు అంతవరకు ఎవరూ చూడలేదు.

"దేశంలో నాకొక కూతురుండేది" అంది. "తొలి కానుపు. దాహమమ్మా అని మూడు రోజులు అడిగింది. పథ్యమని నాను నీళ్ళియ్యనేదు. జొరమే సంపిందో పథ్యమే సంపిందో నాకు తెల్దు. అది అడిగింది, నాను ఇననేదు, అదొక్కటే తెలుసు. ఆ వేళ పీపా కాడ మునెమ్మ అన్న మాట దానిదే అనిపించింది. మనందరికీ ప్రేముంది తల్లీ, ప్రేముంటే సాలదు. ఈ లైనులో ఇకమీదట ఎవులికి జబ్బు సేసినా ముందు ఆళ్ళ పక్కన కూకుని అడగాల, ఆళ్ళు సెప్పింది పూర్తిగా ఇన్నాకే పొయ్యి ఎలిగించాల."