కడుపులో కూనిరాగం

తెల్లారేసరికి పొయ్యి రాజేసి, పిండి మర్దించి, మొదటి వాయి రొట్టెలు బయటికి తీస్తుండగా రొట్టెలావిడ కడుపు కూనిరాగం అందుకునేది. పిత్తాశయం తీయించుకుని ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఇంతే. మగగొంతు, సన్నటి రాగం. కొంతదూరం హాయిగా సాగి, ఎప్పుడూ ఒకేచోట ఠక్కున ఆగిపోయి, మళ్లీ మొదటికొచ్చేది. రొట్టెల కోసం నిలబడ్డవాళ్లు దానికి తలాడిస్తుండేవాళ్లు.

“పోనీలే, నీ కడుపన్నా పాడుతోంది. నా కొడుకు ఇంట్లో నోరే విప్పడు,” అనేది అత్తగారు. ఆ కొడుకు బస్సు డ్రైవరు. రోజంతా జనం గోల విని వచ్చి, ఇంట్లో మౌనంగా కూర్చునేవాడు.

నొప్పి మాత్రం ఎవరికీ వినపడేది కాదు. వంగితే పోటు, లేస్తే పోటు. ఆపరేషన్ చేసిన సర్జను దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, “లోపల మానడానికి టైం పడుతుందమ్మా,” అని పంపేసేవాడు. అంత పెద్ద డాక్టరు చెబుతుంటే కాదనడానికి మనమెవరం అనుకుని పళ్లబిగువున మూడేళ్లు నెట్టుకొచ్చింది. చివరికి ఓ ఉదయం పొయ్యి ముందే కూలబడిపోతే మొగుడు ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ స్కాన్ తీశారు, మళ్లీ కోశారు, రక్తం అద్దే గుడ్డ ఒకటి లోపల్నుంచి లాగారు. సీసాలో వేశాక కూడా అది పాడుతూనే ఉంటే, పక్క మంచాలవాళ్లకి నిద్ర పట్టదని నర్సు మూత గట్టిగా బిగించింది.

“సాక్ష్యానికేం లోటు లేదు. చిక్కంతా గడువుతోనే,” అంది, సర్జను మీద దావా వేయడానికి వాళ్లు పెట్టుకున్న ప్లీడరమ్మ. “ఇలాంటి దావా రెండేళ్లలోపు వేయాలి. ఆపరేషన్ నాటి నుంచి లెక్కేస్తే ఎప్పుడో దాటిపోయింది. గుడ్డ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్కేయమని అడుగుదాం.”

“ఒప్పుకోకపోతే?”

“కాలదోషం పట్టిందని కొట్టేస్తారు. తప్పెవరిదన్న మాట దాకా పోనే పోదు.”

ఆ రోజు నుంచి ఆవిడకి ముద్ద దిగలేదు. పిండిలో ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు వేసేది, లేదా అసలు మరిచిపోయేది. ఆవిడ గుబులు వేరే. ఆపరేషన్ బల్లమీద మత్తులోకి జారిపోతుండగా సర్జను పాడుకుంటున్న రాగం ఆవిడ చెవిన పడింది. అదే రాగం. అంటే గుడ్డ సంగతి తనకి ముందే తెలిసినట్టు లెక్కా? ఆ మాట బయటపెడితే తన గోతిని తనే తవ్వుకున్నట్టవుతుందని మొగుడికి కూడా చెప్పలేదు.

కోర్టులో అవతలి ప్లీడరు తీరిగ్గా లేచాడు.

“మీ కడుపు ఎప్పటినుంచి పాడుతోందమ్మా?”

“ఇంటికొచ్చిన రోజు నుంచండీ.”

“అంటే వీధి వీధంతా వింది. ఆ రాగం ఎవరిదో మీకు తెలుసా?”

ప్లీడరమ్మ వద్దన్నట్టు చూసింది. రొట్టెలావిడ అరచేతులు చీరకి తుడుచుకుంది.

“తెలుసండీ. మత్తిచ్చేముందు ఈ డాక్టరుగారే పాడుకుంటుంటే విన్నాను.”

“మరి అనుమానం రాలేదా?”

“విన్న పాట ఒంట్లోకి దిగిందేమో అనుకున్నానండీ. పాటకి కడుపు కొయ్యమని ఎవరినడుగుతాను? నొప్పి ఉందని మాత్రం ఆయన్నే అడిగాను. ఏం లేదన్నారు.”

అవతలి ప్లీడరు నవ్వుకుంటూ కూర్చున్నాడు. డ్రైవరు తలొంచుకున్నాడు. ఇక అయిపోయిందనుకుంది ఆవిడ.

జడ్జిగారు సీసా మూత తీయించారు. రాగం బయటికొచ్చి, హాయిగా సాగి, మామూలుచోటే ఆగిపోయింది. వెనక వరసలో కూర్చున్న సర్జను, ఏళ్ల తరబడి అలవాటైన పాట కాబోలు, తనకి తెలియకుండానే మిగిలిన చరణం గొణిగేశాడు.

తెగిన దారం అందినట్టు సీసాలోని రాగం ఆగినచోటు దాటి ముందుకెళ్లింది. ఈసారి ఆడగొంతు: “సార్, ఒక గుడ్డ తగ్గింది.”

తర్వాత మగగొంతు: “మళ్లీ వెతుకుతూ కూర్చుంటామా? కుట్టెయ్. అన్నీ సరిపోయాయనే రాసుకో.”

అవతలి ప్లీడరు లేచి, ఇవతలివాళ్లు దీన్ని ముందే వినిపించి ఉండాల్సిందని అభ్యంతరం చెప్పాడు. టైపు చేసేవాడు ఆడగొంతు మాటలు మరోసారి కావాలన్నాడు. సర్జను మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు.

“లోపల గుడ్డ ఉందని ఆయనకి ఆ రోజే తెలుసు,” అన్నారు జడ్జిగారు. “తెలిసి, అడగొచ్చిన మనిషి దగ్గర దాచారు. దాచిపెట్టినవాళ్లు గడువు చాటున దాక్కుంటామంటే కుదరదు. ఆవిడకి నిజం తెలిసిన రోజు నుంచే లెక్క. దావా నడుస్తుంది.”

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

“ఆ రాగం ఆయనదని నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు డ్రైవరు.

“భయమేసిందండీ.”

“మరి అక్కడెలా చెప్పావు?”

ఆవిడ నోరు కాస్త తెరిచి, తల అతని భుజంమీద వాల్చి నిద్రపోతోంది. దిగాల్సిన స్టాపు వచ్చింది. తెలిసిన కండక్టరు చెయ్యి ఊపితే, లేపొద్దని డ్రైవరు సైగ చేశాడు. బస్సు వాళ్ల వీధి దాటి, చివరి స్టాపు వైపు వెళ్లిపోయింది.